ప్రొటీన్ 'వ్యక్తీకరణ' అనవచ్చా?

సందేహం: పల్లెల్లో రొమ్ము క్యాన్సర్ శిబిరాల కోసం కరపత్రం రాస్తున్నాను. "లైంగిక హార్మోన్ల ప్రభావంతో రొమ్ము కణజాలంలో ప్రొటీన్ల వ్యక్తీకరణ మారుతుంది" అని రాస్తే ఆశా కార్యకర్తలు అర్థం కాలేదన్నారు. తప్పెక్కడుంది? – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: వ్యాకరణం సరిగానే ఉందమ్మా. చిక్కంతా 'వ్యక్తీకరణ'తోనే. జీవశాస్త్రం పుస్తకంలో ఆ మాట ఉండొచ్చు. కానీ మామూలు తెలుగులో వ్యక్తం చేసేది సంతాపం, అభిప్రాయం లాంటివే. పైగా పని ఎవరు చేస్తున్నారో ఆ మాట చెప్పదు. జరిగేది ఇది: ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ కణంలోకి వెళ్లి తన గ్రాహకానికి, అంటే తనను పట్టుకునే ప్రొటీన్‌కు, అతుక్కుంటుంది. ఆ రెండూ కలిసి డీఎన్‌ఏ మీద కుదురుకొని కొన్ని జన్యువులను పనిలోకి దింపుతాయి. అప్పుడు కణం ప్రొటీన్లు తయారుచేస్తుంది. ప్రొజెస్టెరాన్ అనే మరో ఆడ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకం అలా తయారయ్యేదే. కాబట్టి 'తయారుచేస్తాయి' అనండి, చాలు.

ఇంకా తేలిగ్గా చెప్పాలంటే బాలింత సంగతి ఎత్తుకోండి. కడుపుతో ఉన్నన్నాళ్లూ ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉండి పాలను ఆపి ఉంచుతుంది. కాన్పయి మాయ పడగానే అది తగ్గిపోతుంది. ఇక పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోన్‌కు అడ్డుండదు, కేసిన్ వంటి పాల ప్రొటీన్లు విస్తారంగా తయారవుతాయి. దీన్నే మన ఆడవాళ్లు 'పాలు పడ్డాయి' అంటారు. బిడ్డ నోరు పెట్టగానే పాలు 'చేపడం', అంటే జారి బయటికి రావడం వేరు, అది ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పని. శాస్త్రం విడదీసి చూపే ఈ రెంటికీ మన ఇళ్లలో ఎప్పటినుంచో వేర్వేరు మాటలున్నాయి. ఇంత చక్కటి మాటలను కరపత్రంలోకి రానివ్వకపోవడం అన్యాయం.

'లైంగిక' కూడా తీసేయండి. పేపర్లో ఆ మాట వేధింపుల పక్కనో, వ్యాధుల పక్కనో కనిపిస్తుంది. అది విన్న మనిషి తన నడవడి వల్లే జబ్బు వచ్చిందేమోనని కుమిలిపోతే ఎంత ఘోరం! హార్మోన్లను పేర్లతోనే చెప్పండి: "ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ హెచ్చుతగ్గులను బట్టి రొమ్ములోని కణాలు కొన్ని ప్రొటీన్లను ఎక్కువగా, కొన్నిటిని తక్కువగా తయారుచేస్తాయి."

క్యాన్సర్ గడ్డ పరీక్ష రిపోర్టులో వచ్చే 'ఈఆర్ పాజిటివ్' (ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ గ్రాహకం) గురించి రాసేటప్పుడూ జాగ్రత్త. కోవిడ్ తర్వాత పాజిటివ్ అంటే అంటుకునే జబ్బన్న టెన్షన్ పట్టుకుంది. "గడ్డలోని కణాల్లో ఈస్ట్రోజన్ గ్రాహకాలు ఉన్నాయి, కాబట్టి టామోక్సిఫెన్ లాంటి మందులు పనిచేసే అవకాశం ఉంది" అని విడమరిచి రాయండి.