నెట్‌వర్క్‌లో నడిమధ్యన ఉన్నదే కారణమా?

ప్రశ్న: ఒక వ్యాధికి చెందిన 40 జన్యువులను, ఏ ప్రోటీన్ దేనితో జతకడుతుందో గీతలతో (లింకులతో) చూపే ప్రోటీన్ల నెట్‌వర్క్‌పై గుర్తించాను. క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువు టీపీ53 అన్నిటికీ మధ్యలో ఉంది. అదే అసలు కారణమా?

జవాబు: తొందరపడకండి. టీపీ53 మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి, దాని చుట్టూ అన్ని గీతలుండటానికి అదో పెద్ద కారణం. వెతికినచోటే దొరికాయన్నమాట.

ముందు ఆ జన్యువులు నిజంగా ఒకచోట గుమిగూడాయో లేదో చూడాలి. మీ 40లో ఒకదానికొకటి కలిసి ఉన్న అతి పెద్ద గుంపులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 14 అనుకుందాం. తర్వాత దాదాపు అన్నే లింకులున్న వేరే 40 ప్రోటీన్లను యాదృచ్ఛికంగా 1,000 సార్లు ఎంచి, ప్రతిసారీ అదే లెక్క వేయండి. సగటు 5, ప్రామాణిక విచలనం (సగటు నుంచి మామూలుగా ఉండే తేడా) 2 వస్తే జెడ్ స్కోరు, అంటే సగటుకు ఎన్ని విచలనాల దూరమో చెప్పే అంకె, (14 – 5) ÷ 2 = 4.5. ఆ గుంపు కాకతాళీయం కాదు. సగటే 12 వస్తే మీకు కనిపిస్తున్నది హబ్‌ల (చాలా ఎక్కువ లింకులున్న ప్రోటీన్ల) ప్రభావం.

లింకుల సంఖ్య సరిపోల్చకుండా ఎంచితే, బాగా పరిశోధించిన జన్యువులున్న ఏ జాబితా అయినా గొప్పగా కనిపించే అవకాశం ఉంది. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. వీలైతే, ప్రోటీన్లన్నిటినీ ఒకే తీరున పరీక్షించిన ఈస్ట్ టూ-హైబ్రిడ్ (రెండు ప్రోటీన్లు జతకడతాయో లేదో ఈస్ట్ కణాల్లో చూసే పరీక్ష) డేటాతో మళ్లీ చేసి చూడండి.