భావజాలాల పాఠంలో తగవు ముందు, నిర్వచనం తరువాత

ప్రశ్న: నేను అంబత్తూరులో ఉంటూ ప్లస్ టూ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధిస్తున్నాను. సాయంత్రాలు మా ఇంటికి వచ్చే తెలుగు పిల్లలకు అదే పాఠాన్ని తెలుగులో మళ్లీ చెబుతాను. ఉదారవాదం, సామ్యవాదం, మార్క్సిజం, ఫాసిజం, గాంధీవాదం అనే అధ్యాయానికి వచ్చేసరికి అందరూ నిర్వచనాలను, లక్షణాలను అంకెలు వేసుకుని బట్టీ పడుతున్నారు. ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అన్న ప్రశ్న వస్తే, లక్షణాలన్నీ వరుసగా రాసి చివర రెండు లోపాలు తగిలించి లేస్తున్నారు. ఉదాహరణలతో చెబుదామంటే, తరగతిలో రాజకీయాలు మాట్లాడుతున్నానని ఒక విద్యార్థి తండ్రి ఇప్పటికే అభ్యంతరం చెప్పారు. పరీక్షలకు మూడు నెలలే గడువుంది. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, అంబత్తూరు, చెన్నై

జవాబు: ముందుగా ఒక చిన్న చిక్కు విప్పుకుందాం. తెలుగులో ఉదారుడంటే దానశీలి. ఇంగ్లీషులో చెప్పినా ఇబ్బంది తప్పదు, ఎందుకంటే మన పిల్లలకు ‘లిబరల్’ అన్న మాట పరిచయమయ్యేదే పేపర్లు లిబరల్‌గా దిద్దారన్న సందర్భంలో. ఆ అర్థాన్నే పట్టుకుని, పేదలకు ధారాళంగా పంచిపెట్టడమే ఉదారవాదమని రాసిన జవాబుపత్రాలు నేను చాలా చూశాను. ‘లిబరల్’ అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి ‘స్వేచ్ఛ గల’ అని అర్థం. మొదటి రోజే ఆ పదం పక్కన ‘వ్యక్తి స్వేచ్ఛను ముందు నిలిపే వాదం’ అని రాయిస్తే సగం తప్పులు అక్కడే ఆగుతాయి.

ఇక అసలు విషయం. భావజాలాలు ఒకదానితో ఒకటి తగవు పడి పెరిగినవి. తగవు చెప్పకుండా లక్షణాలు చెబితే అవి బట్టీకి తప్ప ఎందుకూ పనికిరావు. అదృష్టవశాత్తూ మీరున్న చోటికి కూతవేటు దూరంలోనే మంచి తగవు ఒకటి ఉంది. 1955 జనవరిలో కాంగ్రెస్ మహాసభ జరిగిన ఆవడి మీ పక్క ఊరే. ముఖ్యమైన ఉత్పత్తి సాధనాలు సమాజం యాజమాన్యంలోనో నియంత్రణలోనో ఉండే ‘సామ్యవాద తరహా సమాజం’ తమ లక్ష్యమని ఆ సభ తీర్మానించింది. నాలుగేళ్ల తరువాత, 1959లో, వ్యవసాయంలో రైతులు భూములు కలిపి సాగు చేసే ఉమ్మడి సహకార సేద్యాన్ని ప్రోత్సహించాలని కాంగ్రెస్ నాగపూర్‌లో తీర్మానించినప్పుడు, దాన్ని వ్యతిరేకిస్తూ రాజాజీ ఈ మద్రాసులోనే స్వతంత్ర పార్టీని ముందుకు తెచ్చారు. దాని తొలి అధ్యక్షుడు మన ఆచార్య ఎన్.జి.రంగా. రైతు ఉద్యమాలు నడిపిన మనిషి సామ్యవాద తీర్మానానికి ఎదురు నిలవడమేమిటని పిల్లలను అడగండి. రైతుకు తన భూమిపై ఉన్న హక్కు పోతుందన్న భయం ఒకవైపు, భూమి కొందరి చేతుల్లోనే ఉంటే మిగిలినవారి స్వేచ్ఛకు అర్థమేమిటన్న ప్రశ్న మరొకవైపు; ఆస్తి హక్కు గురించి ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ చెప్పినదీ, దానిపై మార్క్స్ చేసిన విమర్శా వాళ్లకు అప్పుడు అవసరమై కనిపిస్తాయి. స్వతంత్ర పార్టీ 1967 ఎన్నికల్లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచిందని చెబితే, అదేదో నలుగురు పండితుల వాదన కాదని కూడా తెలుస్తుంది.

పేరును చూసి భావజాలాన్ని తేల్చకూడదన్న సంగతికి కూడా ఉదాహరణ ఈ నగరంలోనే దొరుకుతుంది. 1916లో పుట్టిన జస్టిస్ పార్టీ అసలు పేరు దక్షిణ భారత లిబరల్ ఫెడరేషన్. టి.నగర్‌లోని పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా ఆ పార్టీ నాయకుడే. ప్రభుత్వోద్యోగాల్లో కులాలవారీ ప్రాతినిధ్యం కోసం 1921లో ఉత్తర్వు తెచ్చింది కూడా ఆ పార్టీ ప్రభుత్వమే. ఇది వ్యక్తిని వ్యక్తిగానే చూడాలన్న ఉదారవాదానికి విరుద్ధమా, లేక పుట్టుకతో మూసుకుపోయిన తలుపులు తెరిచే ఉదారవాదమా? ఈ ఒక్క ప్రశ్నపై ఒక పీరియడ్ మొత్తం వాదించుకోనివ్వండి. రాజ్యం కలగజేసుకోకపోవడమే స్వేచ్ఛ అన్న పాత ఉదారవాదానికీ, మనిషి ఎదగడానికి రాజ్యం తోడ్పడాలన్న ఇంగ్లండు తత్వవేత్త టి.హెచ్.గ్రీన్ తరం ఉదారవాదానికీ ఉన్న తేడా దానంతటదే బయటపడుతుంది. మార్క్సిజం మొదలుపెట్టే రోజున మెరీనాలో శ్రామికుల విగ్రహాన్నీ, 1923లో కమ్యూనిస్టు నాయకుడు సింగారవేలర్ ఈ నగర సముద్రతీరంలో జరిపిన మే డేనూ తలుచుకుంటే చాలు.

‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అన్న ప్రశ్నకు నేను చేయించే అభ్యాసం ఇది. ఒక మామూలు విషయం తీసుకోవాలి. తమిళనాడులో 2021 నుంచి సాధారణ టౌన్ బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేదు కదా, దానినే తీసుకోండి. ఒకరి పన్నుతో మరొకరి ప్రయాణమెందుకని పాత ఉదారవాది అంటాడు. బయటకు వెళ్లి పని వెతుక్కోలేని మనిషికి స్వేచ్ఛ ఎక్కడిదని కొత్త ఉదారవాది అడుగుతాడు. టికెట్ కొనలేనంత తక్కువగా ఆమెకు కూలి ఎందుకిస్తున్నారో చెప్పండి, ఈ ఉచితం వల్ల లాభం యజమానికి కాదా అని మార్క్సిస్టు నిలదీస్తాడు. చార్జీ డబ్బులకు భర్త ముందు చేయి చాపనక్కర లేకపోవడమే అసలు సంగతని స్త్రీవాది చెబుతుంది. గాంధీవాదికి ఇంత దూరం పరుగెత్తే బతుకే నచ్చదు. 1909 నాటి ‘హింద్ స్వరాజ్’లో గాంధీ రైళ్లనే తప్పుపట్టారు మరి. ప్రతి విద్యార్థీ తనకు నచ్చని పక్షాన్నే రాయాలి, అదీ ఆ పక్షంవారు చదివి అవునని తల ఊపేలా. ఆ తరువాత రాసే విమర్శ ఏ భావజాలం నుంచి వస్తోందో పేరు పెట్టి చెప్పాలి. ‘ఇది ఆచరణ సాధ్యం కాదు’ వంటి గాలి మాటలు అప్పుడు వాటంతటవే తగ్గిపోతాయి.

ఫాసిజం దగ్గర మాత్రం ఈ పద్ధతిని కాస్త మార్చండి. దాని పక్షాన వాదించమని పిల్లలకు చెప్పడం నాకు సమ్మతం కాదు. దానికి జనం ఎందుకు ఆకర్షితులయ్యారో వివరించమనండి. అది వట్టి నియంతృత్వం కాదనీ, జనం నోరు మూసుకుంటే దానికి చాలదనీ, వాళ్లు వీధుల్లోకి వచ్చి జేజేలు కొట్టాలనీ తెలిస్తే, 1922 అక్టోబరులో ఇటలీలో ముస్సోలినీకి అధికారం ఎలా చిక్కిందో అర్థమవుతుంది.

ఆ తండ్రిగారిని ఒకరోజు తరగతికి పిలిచి వెనుక బెంచీలో కూర్చోబెట్టండి. నేటి పార్టీల పేర్లు లేకుండా పాఠం నడుస్తోందనీ, తన బిడ్డ రెండు పక్షాలా వాదిస్తోందనీ చూస్తే ఆయన అభ్యంతరం చాలావరకు తగ్గవచ్చు. ‘మేడమ్, మీరు ఏ పక్షం?’ అని పిల్లలు అడుగుతారు. పరీక్షలయ్యాక చెబుతానని నేను అనేవాణ్ని, అన్నట్టే చెప్పేవాణ్ని. ముందే చెబితే జవాబులన్నీ నా వైపు వాలిపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి జవాబు చివర సొంత అభిప్రాయం రాస్తానంటున్నాడు. మార్కులు పోతాయేమో?
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: ప్రశ్నలో అడిగితే తప్పకుండా రాయాలి. అడగకపోతే, ముగింపులో రెండు వాక్యాలకు మించకుండా, ముందు రాసిన వాదాల్లో దేనివల్ల ఆ అభిప్రాయానికి వచ్చాడో తెలిసేలా రాయవచ్చు. కారణం చూపకుండా ‘నా ఉద్దేశంలో’ అని మొదలుపెట్టే పేరా మాత్రం వద్దనండి.