నాన్నగారి రాజ్‌దూత్ 350ని రేసు బండిగా మార్చవచ్చా?

మీ నాన్నగారు 1985లో కొత్తగా కొన్న రాజ్‌దూత్ 350 రంగు, సైలెన్సర్లు, ఇంజన్‌తో సహా మొదటి స్థితిలోనే ఉందనీ, దాన్ని శ్రీపెరుంబుదూరు దగ్గరి రేసు ట్రాక్ కోసం సిద్ధం చేయించాలా లేక ఉన్నదున్నట్టు కాపాడుకోవాలా అనీ అడిగారు. ఆ బండిని రేసుకు మార్చవద్దన్నది నా అభిప్రాయం. పాత బండ్లను రేసులో నడపడమే తప్పని మాత్రం నేను అనను. ఇక్కడ చెన్నైలో నా దగ్గర ఇదే మోడలువి రెండున్నాయి. ఒకటి ట్రాక్ మీద తిరుగుతుంది. రెండోదానికి కొత్త రంగు వేయించే ఆలోచన కూడా నాకు లేదు.

ముందుగా ఇంజన్ సంగతి చూద్దాం. దీని సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం, 64 మి.మీ. అది అరిగినా, పిస్టన్ పట్టేసి గీతలు పడినా, లేత్ షాపులో బోరింగ్ చేయించి 0.25 మి.మీ. పెద్ద పిస్టన్ వేస్తాం. అలా 65 మి.మీ. దాకా నాలుగు ఓవర్‌సైజులు మాత్రమే ఉన్నాయి. ఆ తరువాత సిలిండర్ లోపల కొత్త స్లీవు (లోహపు గొట్టం) వేయించక తప్పదు. ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండికి ఈ నాలుగు మెట్లు దశాబ్దాల పాటు సరిపోతాయి గాని, గంటల తరబడి పూర్తి థ్రాటిల్ మీద నడిచే గాలితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజన్ వాటిని చాలా వేగంగా దిగిపోతుంది. మీ సిలిండర్లు ఇంకా స్టాండర్డ్ సైజులోనే ఉంటే, వాటికున్న ఆయువును కొన్ని ఆదివారాల సరదాకు ఖర్చు చేయడం నాకు న్యాయంగా తోచదు.

రెండోది పోర్టుల సంగతి, అంటే సిలిండర్ గోడలో ఇంధనం, పొగ వచ్చిపోయే రంధ్రాల సంగతి. విదేశాల్లో 39 హార్స్‌పవర్ ఇచ్చిన ఈ యమహా ఇంజన్‌ను ఎస్కార్ట్స్ సంస్థ 1983లో రాజ్‌దూత్ 350గా మన దేశానికి తెచ్చినప్పుడు, మైలేజీ కోసం శక్తిని తగ్గించి, హై టార్క్ రకాన్ని 30.5 హార్స్‌పవర్ దగ్గర, తరువాతి లో టార్క్ రకాన్ని అంతకంటే తక్కువలో ఉంచింది. రేసుకు సిద్ధం చేసే మెకానిక్ మొట్టమొదట చేసే పని ఆ శక్తిని తిరిగి రాబట్టడమే. అందుకోసం శక్తిని పెంచే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ సైలెన్సర్లు బిగిస్తారు, ఇంజన్‌కు ఆయిల్‌ను విడిగా అందించే ఆటోల్యూబ్ పంపు తీసేసి పెట్రోలులోనే ఆయిల్ కలుపుతారు, పోర్టులను అరగదీస్తారు. మొదటి రెండూ విప్పి పాత సామాను బిగించుకోగలిగినవే. అరగదీసిన లోహం మాత్రం తిరిగి రాదు. మార్పు మంచిదా చెడ్డదా అనే వాదన కన్నా, అది వెనక్కి తీసుకోగలిగినదా కాదా అన్న ప్రశ్న నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఇందుకు విరుద్ధమైన సందర్భం కూడా ఒకటుంది. 1990లో శ్రీపెరుంబుదూరు ట్రాక్ రాకముందు మద్రాసు రేసులు నెల్లూరు రోడ్డులోని షోలవరం పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. అక్కడ పరుగెత్తిన బండి ఎక్కడైనా దొరికితే, దాని కోసిన మడ్‌గార్డులూ అరగదీసిన పోర్టులే దాని చరిత్ర. దాన్ని షోరూము బండిలా తళతళలాడించేవారు కాపాడుతున్నామనుకుంటూ చెరిపివేస్తున్నారని నా ఫిర్యాదు. ఇంగ్లండులో మాంక్స్ నార్టన్‌లనే పాత రేసు బండ్ల తరగతిలో పోటీపడేవారిలో చాలామంది, అసలు ఇంజన్‌ను పాడుచేయకుండా రేసు ఎలా చేయాలన్న చిక్కును కొత్తగా తయారైన ఇంజన్లతో దాటేస్తున్నారు. మనకు ఆ సదుపాయం లేదు.

కాపాడటం అంటే గుడ్డ కప్పి మూల నిలబెట్టడం కాదని కూడా చెప్పాలి. నిలిచిపోయిన టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసు చివరల ఉన్న రబ్బరు ఆయిల్ సీళ్లు ఎండి గట్టిపడతాయి. విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటర్ వైపు సీలు కారితే ఇంజన్ బయటి గాలిని పీల్చుకుంటుంది, మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. అంటే రేసులో జరుగుతుందని భయపడిన నష్టమే ఇంటి దగ్గరా జరుగుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చి కార్బురేటర్‌ను తినేస్తుంది కనుక, బండిని ఆపి ఉంచే ముందు కార్బురేటర్ ఖాళీ చేయడం నా అలవాటు. చెన్నై ఉప్పుగాలికి క్రోము తుప్పు పట్టకుండా తుడిచి నూనె పూయడమూ తప్పదు. సీళ్లు, టైర్లు, కేబుళ్లు, బ్రేకు షూలు మార్చితే అసలుతనం పోతుందని బెంగపడకండి. తీసిన పాతవాటిని పెట్టెలో దాచుకోండి, అంతే.

చట్టం కూడా ఈ వైపే మొగ్గుతోంది. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లోగాని ఇంజన్‌లోగాని పెద్ద మార్పులు లేని వాహనాలకే వింటేజ్ గుర్తింపు దక్కుతుంది. ఆ గుర్తింపు తీసుకున్న బండిని రోజువారీ తిప్పుకోవడానికి వీల్లేదు, ర్యాలీలు, ప్రదర్శనల వంటివాటికి మాత్రమే. మీ బండికి ఆ వయసు 2035లో వస్తుంది.

ట్రాక్ కోరిక తీరాలంటే, అసలుతనం ఎప్పుడో పోయిన మరో బండిని, ఒకదాని ఫ్రేము, ఇంకొకదాని ట్యాంకు, ఎవరో పూసిన రంగు ఉన్నదాన్ని కొనండి. నా ట్రాక్ బండి అలాంటిదే. డబ్బు చేతిలో పెట్టే ముందు ఇంజన్, ఛాసిస్ నంబర్లను ఆర్సీతో పోల్చి చూడటం మరవకండి. మన దేశపు మోడలుకు ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఇవ్వలేదు, డ్రమ్మే ఉంది. కాబట్టి అలాంటి బండి మీద మొదటి ఖర్చు ఇంజన్ వేగానికి కాక, ముందు బ్రేకుకు పెట్టించండి.