పీజీలో వ్యాసరచన: ‘సమాచారం ఉంది, వాదన లేదు’ అన్నప్పుడు ఏం చేయాలి?

విషయం ఎంత చదివినా మీ వ్యాసాలు ‘సమాచారం ఉంది, వాదన లేదు’ అనే వ్యాఖ్యతో తిరిగి వస్తున్నాయని రాశారు. ఎం.ఏ. చరిత్ర మొదటి సెమిస్టర్‌లో నా అసైన్‌మెంట్ మీద కూడా ఎర్ర సిరాతో దాదాపు ఇదే మాట ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట గురించి రాయమన్నారు. ఆర్థర్ కాటన్ బాల్యంతో మొదలుపెట్టి, 1847లో పని ఆరంభమై 1852లో ముగిసిందని చెప్పి, ప్రయోజనాలన్నిటినీ సైడ్ హెడ్డింగుల కింద పేర్చి 12 పేజీలు నింపాను. డిగ్రీలో మార్కులు తెచ్చిపెట్టిన పద్ధతి అదే కనుక తప్పెక్కడుందో తెలియలేదు. ‘ఇందులో ఎవరైనా కాదనగలిగే వాక్యం ఒక్కటి చూపించండి’ అన్నారు మా ఆచార్యులు. చూపించలేకపోయాను.

తిరిగి రాసేటప్పుడు ప్రశ్నను కుదించుకున్నాను: అంతకాలం నీటిపారుదలను పట్టించుకోని కంపెనీ ప్రభుత్వం 1840లలో ఎందుకు కదిలింది? 1833 నాటి గుంటూరు కరువునూ, రాజమండ్రి జిల్లా దుస్థితిపై 1844లో కంపెనీ అధికారి హెన్రీ మాంట్‌గోమరీ ఇచ్చిన నివేదికనూ పక్కపక్కన పెట్టుకుని, ప్రజల ఆకలి కంటే పడిపోతున్న శిస్తు రాబడే ఆనకట్టకు అనుమతి తెచ్చిందని ప్రతిపాదించాను. కాటన్ దొర విగ్రహానికి దండలు వేసే ఊరి నుంచి వచ్చిన నాకు ఆ వాక్యం రాయడానికి చెయ్యి ఆడలేదు. అయితే ఎవరైనా ఎదురు వాదించగలిగిన మొదటి వాక్యం అదే. కరువు బాధల గురించి కాటన్ స్వయంగా రాసిన మాటలు నా ప్రతిపాదనకు అడ్డు నిలిచాయి. వాటిని దాచకుండా ఒక పేరాలో చర్చించి, ఆనకట్ట కావాలని అడిగిన ఇంజనీరు కాటన్ ఉద్దేశం వేరు, డబ్బు మంజూరు చేసిన ప్రభుత్వ ఉద్దేశం వేరు అని విడదీయవలసి వచ్చింది. వ్యాసానికి బలం ఆ పేరాతోనే వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను.

చిత్తుప్రతి పూర్తయ్యాక ప్రతి పేరాలోని మొదటి వాక్యాన్ని మాత్రమే వేరే కాగితం మీద ఎత్తి రాసి, వరుసగా చదవండి. ఒకదాని నుంచి మరొకటి పుట్టకపోతే అక్కడ వాదన తెగినట్టే. నేను ముచ్చటపడి రాసుకున్న కాటన్ బాల్యం అలాగే ఎగిరిపోయింది. చివరికి మిగిలినవి 5 పేజీలు.

నోట్సు రాసుకునేటప్పుడే పుస్తకం పేరు, పుట సంఖ్య వేసుకోండి. యథాతథంగా ఎత్తిన వాక్యాలకు అప్పుడే ఉల్లేఖన చిహ్నాలు పెట్టండి. నెల తర్వాత చూస్తే ఏది మన మాటో, ఏది పుస్తకంలోదో గుర్తుండదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పరిశోధన గ్రంథంలో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే చర్య తప్పదు కనుక, ఈ అలవాటు పీహెచ్‌డీ దాకా వాయిదా వేయదగినది కాదు.