నగల దొంగ కన్నా మందు సీసా ముఖ్యం

తమ్ముడూ,

నీ కథ చదివాను. దొంగతనం బాగా కుదిరింది, క్లూలు కూడా పడాల్సిన చోటే పడ్డాయి. నవ్వు మాత్రం రాలేదు. క్రైమ్ కామెడీ అని నువ్వే రాశావు కాబట్టి అడుగుతున్నాను. నీ మనుషులంతా మొదటి పేజీ నుంచీ ఆ నగల వెనకే పరుగులు పెడుతుంటే, తీరిగ్గా కూర్చుని కబుర్లాడేదెవరు?

వీలైతే ‘మున్క్‌బ్రూగ్రేవెన్’ అనే పాత స్వీడిష్ సినిమా చూడు. 1935 జనవరిలో వచ్చింది. ఎడ్విన్ అడోల్ఫ్‌సన్, సీగుర్డ్ వాలేన్ కలిసి తీశారు, ఇద్దరూ నటించారు కూడా. తర్వాత హాలీవుడ్‌లో పెద్ద స్టార్ అయిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ మాటలున్న వేషం వేసిన మొదటి సినిమా ఇదే, ఇప్పటికీ చాలామంది దీన్ని వెతుక్కునేది అందుకే. (అప్పటికి ఆమెకి 19, హీరో అడోల్ఫ్‌సన్‌కి 41. మన సినిమాలు చూసి పెరిగినవాళ్ళకి ఇదేం వింత కాదులే.)

కథ స్టాక్‌హోమ్ పాత బస్తీ గామ్లా స్తాన్‌లో నడుస్తుంది. ఇప్పుడది టూరిస్టుల చోటు గానీ, అప్పట్లో పాడుబడిన ఇళ్ళు, ఇరుకు గదులు, పేదజనం. ఊళ్ళో నగల దొంగ తిరుగుతున్నాడు. చవక హోటల్లో దిగిన కొత్త మనిషి మీద అందరికీ అనుమానం, అక్కడ పనిచేసే ఎల్సాకేమో (బెర్గ్‌మన్ వేషం ఇదే) అతని మీద ప్రేమ. ఇంతవరకూ నువ్వైనా రాస్తావు, నేనైనా రాస్తాను. సినిమాకి ప్రాణం పోసింది మాత్రం ‘కౌంట్’ (యూరప్‌లో జమీందారు బిరుదులాంటిది) అని పిలిపించుకునే ఒక పనీపాటా లేని పెద్దమనిషి, ఆయన చుట్టూ చేరే బ్యాచ్. తెల్లారితే వాళ్ళకి ఒకటే టెన్షన్: ఇవాళ మందెలా?

ఆ టెన్షన్ ఎక్కడిదో తెలిస్తే నవ్వు రెట్టింపవుతుంది. సంపూర్ణ మద్యనిషేధం పెట్టాలా వద్దా అని 1922లో స్వీడన్‌లో జనాన్ని ఓటు అడిగితే, కొద్ది తేడాతో వద్దన్నారు. దాంతో ఇవాన్ బ్రాట్ అనే డాక్టరు తెచ్చిన రేషన్ పద్ధతే కొనసాగింది. మనిషికో పుస్తకం, కొన్న ప్రతి సీసా అందులో ఎక్కాలి. ఎంత ఇవ్వాలో, అసలు ఇవ్వాలో లేదో నీ ఆదాయం, నడవడిక చూసి తేలుస్తారు. పెళ్ళైన ఆడవాళ్ళకి మామూలుగా పుస్తకమే ఉండదు. పోనీ హోటల్లో తాగుదామంటే పక్కన తిండి కూడా కొనాలి! 1955 దాకా ఇదే తంతు. ఇక ఇల్లూ ఉద్యోగం లేని కౌంట్ లాంటివాడికి పుస్తకం ఎవడిస్తాడు? అందుకే ఈ సినిమాలో దొంగసారా సీసా నగలకన్నా విలువైన వస్తువు. ప్రేక్షకులకి వజ్రాలు పోయిన బాధ ఎలా తెలుస్తుంది? సీసా కోసం పడే పాట్లయితే హాల్లో సగంమందికి అనుభవమే.

నీ కథలో లేనిది ఇదే. నగలు పోయిన ఇంటి గురించి నాలుగు పేజీలు రాశావు, ఆ వీధివాళ్ళు రోజూ కొద్దికొద్దిగా ఏ రూల్ తప్పుతూ బతుకుతున్నారో ఒక్క ముక్క రాయలేదు. పెద్ద నేరం కోసం వచ్చిన పోలీసుని చూసి చిన్న తప్పులవాళ్ళంతా కంగారుపడాలి. అక్కడ పుడుతుంది కామెడీ.

సినిమా గొప్పదేమీ కాదు. నాటకం నుంచి తీసుకున్నారు, ఆ వాసన పోలేదు. చివర్లో హోటల్లో దిగిన ఆ కొత్త మనిషి దొంగ కాదని తేలుతుంది. నువ్వైతే సగంలోనే పసిగడతావు. అయినా నష్టమేమీ అనిపించదు, ఎందుకంటే అప్పటికి మన ధ్యాసంతా కౌంట్ మీదే ఉంటుంది. నువ్వు మాత్రం ఆఖరి ట్విస్ట్ కోసం ఆరు పేజీలు దాచిపెట్టావు. దాన్ని తెచ్చి మధ్యలో పడెయ్, ఏమీ కాదు.

ఇంకొకటి. నీ కథలో ఆ పేకాటరాయుళ్ళకి చివర బుద్ధొచ్చినట్టు రాశావు చూడు, ఆ పేరా కొట్టెయ్. వాళ్ళనలాగే ఆడుకోనివ్వు. తిరగరాశాక మళ్ళీ పంపు.

మీ అన్నయ్య