ఆక్సిజన్ మిషన్ కొనే ముందు ఇది చదవండి అన్నా

అన్నా, మీ నాయనకు హెపటైటిస్ బి వల్ల లివర్ గట్టిపడి, అందులో క్యాన్సర్ గడ్డ వచ్చిందని, 'గడ్డలో ఆక్సిజన్ తక్కువ' అని డాక్టర్ అన్నారని, కడపలో ఆక్సిజన్ మిషన్ కొనాలా అని అడిగారు. వేలికి పెట్టే మీటర్‌లో రక్తంలో ఆక్సిజన్ 97 శాతం చూపిస్తోందన్నారు కదా, డాక్టర్ రాసిస్తే తప్ప కొనొద్దు.

కొరత రక్తంలో కాదు, గడ్డ లోపల ఉంది. గట్టిపడిన లివర్‌లో రక్తం సరిగా పారదు. గడ్డ పెరిగే వేగాన్ని రక్తనాళాలు అందుకోలేవు. మామూలుగా కణంలో హెచ్‌ఐఎఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్ ఎప్పటికప్పుడు విరిగిపోతుంటుంది. ఆక్సిజన్ తగ్గితే అది నిలబడిపోయి, వీఈజీఎఫ్ అనే ఇంకో ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేయిస్తుంది. దాంతో గడ్డకు కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, పక్కకు పాకే గుణం కూడా పెరుగుతుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ విధానాన్ని కనిపెట్టినందుకే 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది.

మీరు రాసిన 'టేస్' చికిత్సలో గడ్డకు రక్తమిచ్చే ధమనిలోకి మందు పంపి దాన్ని మూసేస్తారు. మిగతా లివర్‌కు ఎక్కువ రక్తం పోర్టల్ సిర (పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే నాళం) నుంచి వస్తుంది కాబట్టి అది తట్టుకుంటుంది. కానీ చావకుండా మిగిలిన కణాలు ఆక్సిజన్ లేక మళ్లీ వీఈజీఎఫ్ వదలొచ్చు. అందుకే తర్వాతి స్కాన్ అస్సలు వాయిదా వేయొద్దు. బెవాసిజుమాబ్ అనే మందు అడ్డుకునేది ఈ వీఈజీఎఫ్‌నే. అది ఆయనకు సరిపోతుందేమో డాక్టర్‌ను అడగండి.

ఇంకొకటి, దయచేసి మీరూ, అమ్మా, తోబుట్టువులూ ఈ వారమే హెపటైటిస్ బి పరీక్ష చేయించుకోండి. ఆ జబ్బు లేదని తేలితే టీకా వేయించుకోవచ్చు, ఉంటే మందులున్నాయి.