కాంస్యం ఎక్కడ దక్కిందో ముందు తేల్చుకో

తమ్ముడూ,

హంగేరీ కరాటే ఆటగాడు హార్ష్‌పతకి గాబోర్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. కష్టపడ్డావు, తెలుస్తోంది. అయితే మొదటి పేరాలోనే "సెమీస్‌లో ఓడి కాంస్యంతో సరిపెట్టుకున్నాడు" అనేశావు. మన స్పోర్ట్స్ పేజీల్లో రోజూ అచ్చయ్యే వాక్యమే. ఈ మనిషి విషయంలో మాత్రం అది కథను తలకిందులు చేసింది.

ఎలాగో చెప్తా. 2021 ఆగస్టులో టోక్యోలో మనవాళ్లు రెండు రకాల కాంస్యాలు చూశారు. సింధు సెమీస్‌లో తై జు యింగ్ చేతిలో ఓడాక మళ్లీ కోర్టులో దిగి హె బింగ్‌జావోను ఓడించి పతకం తెచ్చుకుంది. బాక్సింగ్‌లో లవ్లీనాకు ఆ అవసరం పడలేదు, సెమీస్ చేరిన రోజే కాంస్యం ఖాయమైపోయింది. కరాటేదీ ఈ రెండో పద్ధతే. రెండు గ్రూపులు, గ్రూపులో అందరూ అందరితో తలపడ్డాక మొదటి ఇద్దరూ సెమీస్‌కి, అక్కడ ఓడిన ఇద్దరికీ కాంస్యం. అంటే ఆగస్టు 6న నిప్పాన్ బుడోకాన్‌లో, 75 కిలోల కుమితేలో (ఇద్దరు ఎదురెదురుగా తలపడే కరాటే పోటీ), నీ ఆటగాడు పతకం గెలిచింది గ్రూపు దాటినప్పుడే. సెమీస్‌లో తేలాల్సింది దాని రంగొక్కటే. నువ్వేమో గ్రూపు బౌట్లన్నీ ఒక్క వాక్యంలో దాటేసి, ఓటమికి మూడు పేరాలు ఇచ్చావు.

ఓటమిని దాచమనడం లేదు. ఎదురుగా ఉన్నది అజర్‌బైజాన్ దిగ్గజం రఫాయెల్ అఘయెవ్, ఐదుసార్లు ప్రపంచ చాంపియన్, 36 ఏళ్లవాడు. ఇతనికి 25. అంత చెప్తే చాలు. ఆ అఘయెవే ఫైనల్లో ఇటలీకి చెందిన లూయీజీ బుజా చేతిలో 1-0తో ఓడాడు. ఒలింపిక్ ఫైనల్ మొత్తానికీ ఒకే ఒక్క పాయింటు! ఆ స్కోరు నీ వ్యాసంలో లేదు. అది కనబడితేనే ఈ ఆటలో పాయింటు ఎంత కష్టమో పాఠకుడికి ఎక్కుతుంది.

ఇంకోటి, గాబోర్‌కి ఒలింపిక్స్ బెర్తు దొరికిందే జూన్‌లో, పారిస్‌లో జరిగిన చివరి అర్హత టోర్నీలో. అక్కడ తడబడితే టోక్యో లేదు. రెండు నెలలు తిరిగేసరికి మెడలో పతకం. దీని మీద నువ్వు ఒక్క ముక్కా రాయలేదేం?

"పిడిగుద్దుల వర్షం కురిపించాడు" అన్న చోట నవ్వొచ్చింది. కుమితేలో వర్షాలు కురవవయ్యా. బౌట్ మూడు నిమిషాలు. అందులో చాలాసేపు ఇద్దరూ మునివేళ్ల మీద చిన్నగా ఎగురుతూ, దూరం చూసుకుంటూ ఉంటారు. ఒకడి ముందుకాలు జానెడు లోపలికొస్తుంది. రెండోవాడు ఆ సందులోనే దూరి గుద్ది, చెయ్యి ఠక్కున వెనక్కి లాక్కుంటాడు. గట్టిగా అరుస్తాడు, చూపు మాత్రం ఎదుటివాడి మీంచి తీయడు. రెఫరీ "యామే" అని ఆపుతాడు. మూలల్లో కూర్చున్న నలుగురు జడ్జీల్లో కనీసం ఇద్దరు ఒకే రంగు జెండా ఎత్తితేనే పాయింటు. గుద్దుకు ఒకటి, ఒంటి మీద తన్నుకు రెండు, తల మీద తన్నుకు మూడు.

గట్టిగా తగిలించినవాడు గెలుస్తాడనీ అనుకోకు. మర్నాడు 75 కిలోల పై విభాగం ఫైనల్లో సౌదీ ఆటగాడు తారెగ్ హమెదీ 4-1 ఆధిక్యంలో ఉండగా ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదే తల మీద తన్నాడు. అవతలివాడు స్పృహ తప్పాడు. అదుపు లేని దెబ్బ అని హమెదీని అనర్హుణ్ని చేసి, స్ట్రెచర్ మీద వెళ్లినవాడికి స్వర్ణం ఇచ్చారు. ఇది నీ వ్యాసంలో ఇరికించొద్దు, అది వేరేవాళ్ల కథ. రాసేటప్పుడు బుర్రలో ఉంటే చాలు.

"ప్రేక్షకుల హర్షధ్వానాల మధ్య" అన్నది వెంటనే కొట్టెయ్. కరోనా వల్ల ఆ హాల్లో టికెట్ కొన్నవాడు ఒక్కడూ లేడు.

పేరు కూడా సరిచెయ్. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి "హర్స్‌పటాకి" అని రాశావు. హంగేరీవాళ్లు అందులోని s అక్షరాన్ని "ష" అని పలుకుతారు, కాబట్టి హార్ష్‌పతకి. వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు. హార్ష్‌పతకి గాబోర్ అని రాస్తే వాళ్లకూ మనకూ సహజంగా ఉంటుంది. (ఆ లెక్కన బుడాపెస్ట్ కూడా బుడపెష్ట్ కావాలి. అంత దూరం వెళ్లకు, పాఠకుడు తిడతాడు.)

చివర్లో "వచ్చే ఒలింపిక్స్‌లో స్వర్ణమే లక్ష్యం" అని రాశావు. ఏ ఒలింపిక్స్? 2024 పారిస్‌లో కరాటే లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ లేదు. ఒలింపిక్ కరాటేలో హంగేరీకి ఇప్పటిదాకా ఉన్నది ఆ ఒక్క కాంస్యమే. 2023లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లు బుడాపెస్ట్‌లోనే జరిగాయి. వాళ్లింట్లో పోటీ అన్నమాట, దాని గురించి వెతుకు. టోక్యోలో అదే రోజు అదే విభాగంలో రెండో కాంస్యం అందుకున్న ఉక్రెయిన్ ఆటగాడు స్తానిస్లావ్ హొరూనా 2022లో తన పతకాన్ని దేశ సైన్యం కోసం వేలం వేశాడు. పక్కకథే, నేనైతే వదలను.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. గ్రూపు బౌట్ల వీడియోలు సంపాదించి ముందు మ్యూట్‌లో పెట్టి చూడు. ఏ పాయింటుతో సెమీస్ ఖాయమైందో నిమిషం, సెకన్లతో సహా రాసుకో. వ్యాసం అక్కణ్నుంచి మొదలుపెట్టు. సెమీస్‌కి రెండు వాక్యాలు మించొద్దు. ఆదివారం లోపు పంపితే చూసి పెడతాను.

మీ అన్నయ్య